ఆ మూడూ ఎవరివి?

పోయిన వారం కథను బళ్లారి దగ్గరి మోకలో, మా వసారాలో ఆపాం. మా ఆయన జీవన్ తారానగర్ దారిలో ఇనుప రాయి నింపిన టిప్పరుతో సహా బోల్తా పడి, నడుము కింద స్పర్శ లేక మంచం పట్టాడు. బెంగళూరు నుంచి ఒక క్లినిక్కు తరఫున ఇంద్రసేన అనే పెద్దమనిషి వచ్చి, పిండం నుంచి తీసిన మూలకణాలను వెన్నులోకి ఎక్కించే కొత్త వైద్యం ఉందన్నాడు. ఆదివారం మళ్లీ వస్తాను, ఈలోగా ఆలోచించుకోండని సుమో ఎక్కాడు. ఆలోచించుకోవలసింది నేనూ, జీవనూ. ఆలోచించింది మాత్రం ఊరు ఊరంతా.

సంగతి బయటపెట్టింది మా సుదర్శన్ బావ. జీవన్‌కు అన్న. చైనా వాళ్లు రాయి కొంటున్నారని పొలం కుదువపెట్టి లారీలు కొని, ఇప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడుపుతున్న మనిషి. ఆయన కడుపులో మాట ఒక పూట కూడా దాగదు. పొద్దున బస్టాండు దగ్గర కాఫీ తాగుతూ చెప్పాడు, మధ్యాహ్నానికి నేను కూరగాయలకు పోతే మారెక్క తన గంప మీంచి తలెత్తి నన్నే చూస్తోంది.

"పసిబిడ్డల కండ తీసి సూదిలో పెడ్తారంట గదమ్మీ, నిజమేనా?"

"కండ కాదు మారెక్కా. కంటికి కూడా కనపడదు. అంత చిన్నది."

"చిన్నదైతే మాత్రం ఉసురు ఉండదా?" అంది. అని, తూకంలోంచి ఒక వంకాయ వెనక్కి తీసుకుంది. నా పాపానికి జరిమానా కాబోలు.

బస్సులో ఒకాయన కన్నడంలో కలియుగం గురించి మాట్లాడాడు, నాకు వినపడేటట్టుగా. బ్యాంకు గుమాస్తా చట్టం ఒప్పుకోదన్నాడు. ఏ చట్టమప్పా అని అడిగితే, ఉండే ఉంటుంది లెండి అన్నాడు! అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది జీపు పాపన్న మాటకు. కడుపులో ఉన్నది ఆడపిల్లా కాదా అని తెలుసుకోవడానికి ఈ చుట్టుపక్కల ఊళ్ల కోడళ్లను బళ్లారికి మోసుకుపోయిందీ, కడుపు దించేసుకున్నాక తిరిగి ఇళ్లకు చేర్చిందీ ఆ జీపే. ఆ పాపన్న నా ముందు నిలబడి, చెంపలు వేసుకుని, "వద్దమ్మా, భ్రూణహత్య మహాపాపం" అంటాడు. ఏం చెప్పాలి? ఇంటికొచ్చి ఆ కోపమంతా వంకాయల మీద చూపించాను.

ఆదివారం వచ్చింది. మా అత్త తిమ్మమ్మ వచ్చేవాళ్ల కోసం బొరుగుల వగ్గాణి, మిరపకాయ బజ్జీలు చేసింది. ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఆమె ముందు పొయ్యి వెలిగిస్తుంది. మామ రామసుబ్బప్ప పంచాయితీ వాసన తగలగానే చేనికి నీళ్లు కట్టాలని వెళ్లిపోయాడు. ఎప్పుడూ అంతే. జీవన్ మంచాన్ని వసారాలోకి లాగాం. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేయమని అడిగాడు. యాక్సిడెంటు అయినప్పటి నుంచి ఇస్త్రీ చొక్కా అడగడం అదే మొదలు. ఆ చొక్కా గుండీలు పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. బయటికి మాత్రం, "సరిగ్గా కూచోప్పా, కదలద్దు" అని కసిరాను.

ముందుగా దయాసాగర్ సార్ వచ్చాడు. జీవన్‌కు హైస్కూలు హెడ్‌మాస్టరు. బళ్లారి కంటోన్మెంట్ మిషన్ చర్చిలో పెద్ద. ప్రార్థన అయిపోగానే స్కూటర్ మీద ప్రతి ఆదివారం వచ్చి, శిష్యుడి దగ్గర కాసేపు కూర్చుని పోతాడు. మంచివాడు. మంచివాళ్లతో వాదించడం మహా కష్టం.

తరువాత ఇంద్రసేన. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఖనిజం డబ్బు ఎక్కడ పారుతుంటే అక్కడికి ఇలాంటి చొక్కాలు వస్తూనే ఉన్నాయి ఈ జిల్లాకు. బజ్జీ తింటూ మొదలుపెట్టాడు. సెల్స్ అన్నాడు, రీజనరేషన్ అన్నాడు, ప్రపంచమంతా ఇటే చూస్తోందన్నాడు.

"ఎంతమంది నడిచినారు సార్?" అని అడిగాను.

"ఇంప్రూవ్‌మెంట్ చాలా బాగుందండీ."

"అది కాదు నేనడిగింది. నడిచినారా?"

"ఒక పేషెంటుకు కాలి బొటనవేలు కదిలింది మేడమ్. అది చిన్న విషయం కాదు."

"చూసినావా! కదిలిందంట!" అన్నాడు జీవన్.

 బొటనవేలు కదలడానికీ, లేచి నడవడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు, జీవన్‌కూ తెలుసు. అయినా ఆ మాటను పట్టుకుని అతను మంచం మీద నిటారుగా లేవబోయాడు.

మా అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇంద్రసేన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాయనా, ఆ పిండం ఎవురిది?"

"టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పిల్లల కోసం వచ్చే దంపతులవమ్మా. వాళ్లకు పిల్లలు పుట్టాక కొన్ని మిగిలిపోతాయి. ఇష్టపడి ఇస్తారు. లేదంటే పారేసేవే."

"ఏ ఊరోళ్లు?"

"అది చెప్పకూడదమ్మా. రూల్స్."

"ఊరు తర్వాత, ముందు ఏ జనమో అడుగుమా," అన్నాడు సుదర్శన్ బావ. "యాడోళ్లో, ఏం తినేటోళ్లో! మన రక్తంలో కలిపేదానికి ముందు తెలుసుకోవల్ల కదా!"

నేను ఆగలేకపోయాను. "యాక్సిడెంటు రోజు నీ తమ్మునికి సీసాలు సీసాలు రక్తం ఎక్కించినారు గదా బావా. సీసా మీద కులం చూసినావా?"

"అది ప్రాణం మీదికొచ్చినప్పుడమ్మీ. ఇది వేరే."

ఏం వేరో ఆయనకే తెలియాలి! అత్త మా ఇద్దరినీ పట్టించుకోలేదు. "నేనడిగేది జనం కాదు," అంది ఇంద్రసేనతో. "ఒక ముత్తైదువ కడుపుకు చెందినదాన్ని తెచ్చుకుంటాండాం. ఆయమ్మకు ఒడిబియ్యం పొయ్యల్ల. చీర పెట్టల్ల. ఒడి నింపకుండా తీసుకుంటే ఆ ఉసురు మనల్ని వదలదు. నాకు ఆయమ్మను చూపించు, నేను పోసి వస్తా. అప్పుడు మా వానికి సూది వెయ్యి."

ఇంద్రసేన నవ్వాడు. అత్త నవ్వలేదు.

"చూడలేని తల్లికి బియ్యమెట్ల పోస్తావు తిమ్మమ్మా?" అన్నాడు దయాసాగర్ సార్ మెల్లగా. "నేను మొదటి నుంచీ అదే అంటాండా. ఎంత చిన్నదైనా అది దేవుడిచ్చిన ప్రాణం. ఒక ప్రాణాన్ని చంపి ఇంకొకర్ని నడిపిస్తామంటే అది వైద్యం కాదమ్మా."

"పారేసేవే అంటున్నా కదండీ!" ఇంద్రసేన గొంతు పెంచాడు.

"పారేసేవాళ్లు ఉండారని, ఎత్తుకొని కోసేది న్యాయమా?"

ఇక మొదలైంది గలాటె. సార్ ఒకటంటే ఇంద్రసేన ఒకటి, మధ్యలో బావ తన లారీ డ్రైవర్ల అభిప్రాయాలు, అత్త ఒడిబియ్యం. మంచం మీద మనిషిని అందరూ మరిచిపోయారు. అప్పుడు జీవన్ గట్టిగా అరిచాడు.

"వేరేవాళ్లవి ఎందుకు? మావే ఉండాయి!"

అందరూ అతని వైపు తిరిగారు. వద్దన్నట్టు నేను చెయ్యి ఊపాను.

చెప్పాడు, మొత్తం చెప్పేశాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లలు లేక, ఇద్దరం బెంగళూరులో టెస్ట్ ట్యూబ్ వైద్యం చేయించుకున్నామని. నా థైరాయిడ్ కోసమని ఇంట్లో చెప్పి వెళ్లిన ప్రయాణాలన్నీ అవేనని. మొదటిసారి కడుపులో పెట్టింది నిలవలేదని. ఇంకా మూడు పిండాలు ఆ ఆస్పత్రిలో గడ్డకట్టించి దాచిపెట్టారని.

ఇంద్రసేన వచ్చిపోయిన రాత్రే ఆ మూడింటి జోలికి పోనని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మనిషి. రెండోసారి పెట్టించుకుందామని రోజు కూడా అనుకున్నాం, అంతలో టిప్పరు బోల్తా పడింది. నాకు ముప్పై ఏడు నిండాయి. నా ఒంట్లోంచి మళ్లీ గుడ్లు తీయడం కుదరదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది. అంటే నేను తల్లిని కావాలంటే ఆ మూడే. అవి పోతే ఇక లేదు. అవి బిడ్డలో కాదో నాకు తెలియదు, నేను చదువుకున్న బీఎస్సీ నాకు చెప్పలేదు. రాత్రిళ్లు వాటిని తలుచుకుంటానని మాత్రం తెలుసు.

నేను తిట్టబోయేలోపే బావ ముఖం వెలిగిపోయింది.

"అయ్యో, ఇంత మాట ముందే చెప్పకూడదా జీవనా! మన రక్తమే ఉంటే ఇంకేం? కులం గొడవ లేదు, పాపం గొడవ లేదు! మనింటి బిడ్డ మనింటోనికే పోతాది!"

"సొంతవైతే ఇంకా మంచిది. బాడీ బాగా ఒప్పుకుంటుంది," అన్నాడు ఇంద్రసేన. గిరాకీ దొరికిందన్న సంతోషం గొంతులో దాగలేదు. "భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెడితే చాలు. ఆ ఆస్పత్రితో మేం మాట్లాడుకుంటాం."

"పాపం గొడవ లేదా బావా?" అన్నాను. "నిన్నటిదాకా మీరంతా పసిబిడ్డల్ని చంపేదంటిరి. నా ముందర చెంపలేసుకుంటిరి. నా కడుపువి అని తెలిసేటప్పటికి పాపం యాడికి పోయింది?"

"అట్లెందుకనుకుంటావమ్మీ? మూడుండాయి కదా. రెండు వానికి వాడుకుందాం, ఒకటి నీకు పెట్టుకో. న్యాయంగా పంచుకుంటే తగువుండదు."

పంచుకోవడమంట! ఆ మాట అని అందరి వైపూ మెచ్చుకోమన్నట్టు చూశాడు. అన్నదమ్ముల భాగాలు పంచి పంచి ఆయనకు అదే అలవాటైపోయింది.

"భాగాలు పెట్టేదానికి ఇది కాలవ కింద మడి కాదు బావా!" అని అరిచాను. మామకు చేను దాకా వినపడి ఉంటుంది. "ఒకటి పెడితే నిలిచేదాని గ్యారంటీ ఎవరిస్తారు? మొదటిది నిలిచిందా?"

దయాసాగర్ సార్ లేచి నా దగ్గరికొచ్చాడు. ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆయన మాట మార్చలేదు. వేరేవాళ్లవైనా నావైనా ప్రాణం ప్రాణమే అన్నాడు. జీవన్ ముఖం చూస్తూనే అన్నాడు, ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో కనపడింది. నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది. అంతలో ఇంకో మాట కలిపాడు.

"అందుకే అమ్మా హిమజా, ఆ ముగ్గుర్నీ నువ్వు కనల్ల. అట్ల మంచులో పెట్టి వదిలేసేది కూడా తప్పే. అది నీ బాధ్యత."

"ముగ్గుర్నీనా సార్?"

"దేవుడు బలమిస్తాడు."

ఒకాయన ఇచ్చేయమంటాడు, ఒకాయన పంచమంటాడు, ఒకాయన మూడూ కనమంటాడు! మంచం మీది మనిషిని తిప్పి పడుకోబెట్టడం, ఒళ్లు తుడవడం, పుండ్లు పడకుండా చూడడం నేను. ఈ పెద్దమనుషుల్లో ఒక్కరు వచ్చి అతన్ని ఒక పక్కకు తిప్పింది లేదు. తిప్పలేని వాళ్లందరికీ నా కడుపు మీద అభిప్రాయం ఉంది.

"నువ్వేమంటావప్పా?" అని జీవన్‌నే అడిగాను. "వీళ్లను వదిలెయ్. నువ్వు చెప్పు."

అతను నా వైపు చూడలేదు. "ఇరవై నాలుగ్గంటలూ ఈ దూలాలు చూసి చూసి నాకు పిచ్చెక్కుతాండాది హిమజా. బొటనవేలు కదిలినా చాలు నాకు. పుట్టని బిడ్డ కావల్నా, నేను కావల్నా నీకు?"

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే నోరు మూయించేదాన్ని. అతను అన్నాడు. అందులో అబద్ధం లేదు. దూలాలు చూస్తున్నది అతనే. నాకు కోపం, జాలి ఒక్కసారే ముంచుకొచ్చాయి.

అప్పుడు అత్త లోపలికి వెళ్లింది. చాటలో బియ్యం, పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి, తమలపాకులు, ఇంకా మడత విప్పని కొత్త చీర తీసుకుని వచ్చింది. నా ముందు నిలబడింది.

"ఎవురి ఒడి నింపల్నో అని వెతుకుతాంటి. మా కోడలిదే అయ్యె. పట్టమ్మీ కొంగు. తీసుకునేది తీసుకుంటాం, నీ ఒడి ఖాళీ చెయ్యం. పట్టు."

అందరూ నన్నే చూశారు. పడితే ఇచ్చినట్టు. పట్టకపోతే మొగుణ్ణి నడవనివ్వని పెళ్లాన్ని. రేపు మారెక్క ఇంకో వంకాయ తగ్గిస్తుంది.

కొంగు పట్టాను.

బావ హమ్మయ్య అన్నాడు. ఇంద్రసేన ఫోన్ తీశాడు.

"పొయ్యత్తా," అన్నాను. "కానీ నువ్వు పోసే బియ్యం దేనికి పోస్తారో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆడదాని ఒడి నిండాలని పోస్తారు. ఇవి పట్టుకొని నేను బెంగళూరికి పోతా. వాటిని ఇచ్చేదానికి కాదు, మోసేదానికి. ఆయప్పను ఎన్నేండ్లైనా ఎత్తి దించుతా, ఆ పని నాకు కొత్త కాదు. బిడ్డను కూడా ఎత్తుకుంటా."

అత్త గుప్పెట నిండా బియ్యం తీసి ఉంది. అది అలాగే ఆగింది.

"అమ్మా, పొయ్యద్దు!" అన్నాడు జీవన్. "రెండు సంతకాలు కావల్లంటాండాడు కదా. నాది లేకుండా ఆమెకు వాటినియ్యరు. నేనియ్యను. కాళ్లు లేని నాయన కింద ఆ బిడ్డ ఏం సుఖపడతాది? నేను పడేది చాల్లేదా?"

"నా సంతకం లేకుండా నీకూ ఇయ్యరు," అన్నాను.

"చూసినావామా, ఎంత మాటంటాండాదో!" బావ మంచం దగ్గరికి వచ్చి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. "మన రక్తం మన జీవన్‌కి కాకుండా ఇంకెవురికి? ఈయమ్మ బయటి నుంచి వచ్చిందే కదా! మన రక్తం మీద ఈయమ్మకేం హక్కు?"

"నోరు ముయ్‌రా సుదర్శనా."

అత్త గొంతు అలా ఎప్పుడూ వినలేదు. గుప్పెట్లోని బియ్యాన్ని తిరిగి చాటలో పోసింది. చాటను నేల మీద పెట్టి, తను కూడా దాని పక్కనే కూలబడింది.

"పొద్దున్నుంచి రక్తం, రక్తం. చెవులు చిల్లులు పడతాండాయి. నేను జనం కోసరం అడగలేదు. ఆ తల్లి ఎవురని ఎందుకడిగినానో మీకెవురికన్నా తెలుసునా? నాకు తెలుసు. ఒక తల్లి ఒడి నింపకుండా బిడ్డను ఎత్తుకొచ్చుకున్నదాన్ని నేను. ఆయమ్మ గడప కాడ నిలబడి అడిగింది, ఒక పిడికెడు బియ్యమన్నా పొయ్యక్కా అని. ఎవురన్నా చూస్తారేమోనని భయపడి, పొయ్యకుండా వచ్చేస్తి. ఆ ఉసురు ఇన్నేండ్లకు తగిలింది."

"ఏ బిడ్డమా?" అన్నాడు జీవన్. "ఎవురి సంగతి నువ్వు చెప్పేది?"

అత్త మంచం వైపు జరిగింది. దుప్పటి కింద కదలకుండా ఉన్న అతని కాళ్ల మీద చెయ్యి పెట్టింది. నేను సుదర్శన్ బావ వైపు చూశాను. పొద్దున్నుంచి మన రక్తం అని అరిచిన మనిషి, తమ్ముడి భుజం మీది చెయ్యి తీసేసి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

ఆయనకు ముందే తెలుసు.